మంద తోలిన జాగిలం: రాట్‌వీలర్ పూర్వ చరిత్ర

జర్మనీ నైరుతి భాగంలో, నెకర్ నది ఎగువ ఒడ్డున ఎత్తైన నేల మీద వెలసిన రాట్‌వైల్, నేటి బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలోని పట్టణాలన్నిటిలోకీ పాతదిగా పేరు పొందింది. క్రీ.శ. 73 ప్రాంతంలో రోమన్ సైన్యం ఇక్కడ దండు విడిది నెలకొల్పింది. నాటి ఫ్లేవియన్ రాజవంశం పేరిట కట్టించిన బలిపీఠాల వల్ల ఆ చోటికి ‘అరే ఫ్లావియే’ అనే పేరు వచ్చింది. క్రీ.శ. 186 ఆగస్టు 4 నాటి తేదీ వేసిన చెక్క పలక ఒకటి ఇక్కడ దొరకగా, అందులోని రాతను బట్టి అప్పటికే ఇది స్వపరిపాలన హక్కు గల పురంగా ఎదిగిందని చరిత్రకారులు తేల్చారు. మధ్యయుగాల్లో ఈ పట్టణం ఏ సంస్థానాధీశుడికీ లోబడకుండా నేరుగా చక్రవర్తికే జవాబుదారీగా ఉండే ‘స్వతంత్ర సామ్రాజ్య నగరం’ హోదా సంపాదించి, 1519లో స్విస్ సమాఖ్యతో శాశ్వత మైత్రి ఒడంబడిక కుదుర్చుకుని, పందొమ్మిదో శతాబ్ది మొదట్లో వ్యుర్టెంబర్గ్ ఏలుబడిలోకి వెళ్లేదాకా చుట్టుపక్కల పల్లెలకు సంతగానూ న్యాయస్థానంగానూ నిలిచింది. ఇంత గతం ఉన్న ఊరు నేడు ప్రపంచానికి తెలిసింది మాత్రం ఒక కుక్క వల్లనే. హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రహరీ గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు తగిలించి, లోపల నల్లటి బరువైన రాట్‌వీలర్‌ను కట్టేసుకున్న గృహస్థుకు, ఆ కుక్కను తీర్చిదిద్దింది కాపలా పని కాదనీ, పశువులను తోలే పని అనీ తెలియకపోవచ్చు. ఆ సంగతి తెలియకుండా దాన్ని ఇంటికి తెచ్చుకోవడం వల్లనే ఇటు మనుషులకూ అటు కుక్కలకూ చాలా కీడు జరిగింది.

రాట్‌వీలర్ పూర్వీకులు రోమన్ సైన్యం వెంట ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చాయనే మాట ఈ జాతిని గురించిన దాదాపు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. మాంసాన్ని తాజాగా నిల్వ ఉంచుకునే సాధనాలు లేని కాలంలో సైన్యం తన ఆహారాన్ని నాలుగు కాళ్ల మీద నడిపించుకుంటూ వెళ్లవలసి వచ్చేది గనుక, మందలను చెదిరిపోకుండా తోలడానికీ రాత్రివేళ కాపాడడానికీ బలమైన కుక్కలు అవసరమయ్యేవనడంలో అసంగతం ఏమీ లేదు. అయితే ఆనాటి కుక్కకూ ఈనాటి కుక్కకూ మధ్య తరం తర్వాత తరంగా చూపగల వంశావళి లేదు, ఉండే వీలూ లేదు. తల్లిదండ్రుల పేర్లు రాసిపెట్టి, బయటి రక్తం కలవకుండా కాపాడే సంతానాన్నే ‘జాతి’ అని పిలవడం పందొమ్మిదో శతాబ్దిలో పుట్టిన ఆలోచన. అంతకుముందు కుక్కను గుర్తించినది పనిని బట్టి మాత్రమే. వేటాడేది వేట కుక్క, గొర్రెలు కాసేది గొర్రెల కుక్క, పశువులను తోలేది తోలుడు కుక్క. కాబట్టి రోమన్ కాలం నుంచి రాట్‌వైల్ దాకా నిజంగా సాగివచ్చింది ఒక పని అనీ, ఆ పనికి సరిపడిన దేహమూ స్వభావమూ గల కుక్కలను అక్కడివారు తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారనీ అనుకోవడమే సమంజసం.

ఆ పనిని పోషించినవారు రాట్‌వైల్ కసాయి వృత్తివారు. ఆనాటి కసాయి అంటే దుకాణంలో కూర్చుని మాంసం కోసి అమ్మేవాడు మాత్రమే కాదు. పల్లెపల్లెకూ కాలినడకన తిరిగి, రైతుల దొడ్లలో పశువులను చూసి, బేరమాడి, కొన్నవాటిని గుంపుగా పట్టణానికి తోలుకువచ్చే పశువుల వర్తకుడు కూడా అతడే. బయలుదేరేటప్పుడు అతని దగ్గర రొక్కం ఉండేది, తిరిగివచ్చేటప్పుడు మంద ఉండేది. రెండింటికీ దారిదొంగల భయం ఉండేది. దుడ్డు సంచిని కుక్క మెడలోని పట్టెడకు కట్టి తెచ్చేవారనే కథనం తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. ప్రతి కసాయీ ప్రతిసారీ అలాగే చేశాడని రుజువు చేయలేకపోయినా, ఆ కుక్క మీద యజమానికి గల నమ్మకం ఎంతటిదో ఆ కథనం చెబుతుంది. ఊళ్లో ఉన్న రోజుల్లో అదే కుక్కను చిన్న బండికి కట్టి మాంసమో పాల క్యాన్లో లాగించేవారు. జనం దాన్ని ‘రాట్‌వైల్ కసాయి కుక్క’ అని పిలిచేవారు.

మందను తోలే తీరును దగ్గరగా చూస్తే ఈ కుక్క మనసు చాలావరకు అర్థమవుతుంది. స్కాట్లండు సరిహద్దుల్లో పుట్టిన బోర్డర్ కోలీ వంటి గొర్రెల కుక్క నేలకు కరచుకుని, కళ్లతో గుచ్చి చూస్తూ దూరం నుంచే మందను కదిలిస్తుంది. రాట్‌వీలర్ అలా చేయదు. మొండికేసి నిలబడిన ఎద్దు పక్కకు చేరి, తన భుజాన్నీ రొమ్మునూ దాని డొక్కకు ఆనించి, ఒళ్లంతటి బలంతో తోస్తుంది. అప్పటికీ కదలని పశువును మాత్రమే కాలి మడమ దగ్గర కొద్దిగా పట్టి వదులుతుంది. ఎత్తుగా తొడ మీద కరిచే కుక్కను ఆ వృత్తివారు పనికిరానిదిగా చూసేవారు, ఎందుకంటే కరిచిన చోట కండ కమిలి, యజమాని డబ్బు పెట్టి కొన్న సరుకే పాడవుతుంది. మితిమీరి బరువెక్కిన కుక్కలు నెమ్మదిగా కదులుతూ ఎత్తుగా కరవడం వల్ల వాటిని బండి లాగడానికి మళ్లించి, నడిమి పరిమాణంలో ఉండి రోజంతా నడవగలిగే చురుకైన వాటిని మందకు ఉంచుకునేవారు. దీనివల్ల తరతరాలుగా ఎంపికైనది వట్టి బలం కాదు, ఎంత బలం వాడాలో తెలిసిన నిగ్రహం. ఎద్దు కొమ్ము విసిరినా బెదరకపోవడం, బెదరకుండానే కోపం తెచ్చుకోకపోవడం, యజమాని గొంతు విని ఆగిపోవడం ఆ పనికి కావలసిన లక్షణాలు. నేటికీ ఈ కుక్కలు తమకు ఇష్టమైన మనిషి కాళ్లకు ఒళ్లంతా ఆనించి నిలబడడం చూసేవారికి ముద్దుగా అనిపిస్తుంది. అది ఎద్దును తోసిన అలవాటే. తోసేది 50 కిలోల కుక్క అయినప్పుడు ఎదుట ఉన్నది మూడేళ్ల పిల్లవాడో, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మో అయితే, కుక్కకు ఏ దురుద్దేశమూ లేకుండానే ప్రమాదం జరుగుతుంది.

ఈ కుక్క బతుకుదెరువును తీసేసింది రైలు. 1868లో రైలు మార్గం రాట్‌వైల్‌కు చేరింది. పశువులు వ్యాగన్లలో ప్రయాణం మొదలుపెట్టాక, రహదారుల మీద మందలను తోలడాన్ని అధికారులు నిషేధించాక, రోజుల తరబడి నడిచే కుక్కతో కసాయికి అవసరం లేకపోయింది. బండి లాగే పనిని కూడా గాడిదలు అందుకున్నాయి. పని చేయని పెద్ద కుక్కకు తిండి పెట్టడం చిన్న వర్తకుడికి భారమే గనుక, ఈ కుక్కల సంఖ్య ఒక్క తరంలోనే పడిపోయింది. 1882లో హైల్‌బ్రాన్ పట్టణంలో జరిగిన కుక్కల ప్రదర్శనకు ఒకే ఒక్క రాట్‌వీలర్ వచ్చిందనీ, అది కూడా చెప్పుకోదగినది కాదనీ ఈ జాతి చరిత్రకారులు రాశారు. 1905 నాటికి సొంత ఊరైన రాట్‌వైల్‌లో ఒక్క ఆడకుక్క మాత్రమే మిగిలిందనే మాట కూడా వాడుకలో ఉంది. యూరప్‌లో యంత్రాల రాకతో పని పోయిన కుక్కలు ఎన్నో ఉన్నాయి, వాటిలో కొన్ని ఆనవాలు లేకుండా పోయాయి. రాట్‌వీలర్ మిగలడానికి కారణం దానికి మరో యజమాని దొరకడమే. ఆ యజమాని పోలీసు.

పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దుల సంధికాలంలో జర్మనీ, బెల్జియం నగరాల్లో పోలీసులు కుక్కలకు క్రమబద్ధంగా తర్ఫీదు ఇచ్చి గస్తీకి తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. 1899లో బెల్జియంలోని ఘెంట్ నగరం నడిపిన కార్యక్రమం ఇతరులకు నమూనా అయింది. దాదాపు అదే సమయంలో జర్మనీలో రాట్‌వీలర్ అభిమానులు సంఘాలు కట్టసాగారు. 1899లో లియోన్‌బర్గర్ అనే మరో పెద్ద జాతితో కలిపి తొలి సంఘం ఏర్పడగా, 1901లో ఈ కుక్క ఎలా ఉండాలో వివరించే తొలి ‘ప్రమాణ పత్రం’ వెలువడింది. ప్రమాణ పత్రం అంటే ఆ జాతి కుక్క ఎత్తు, తల, రంగు, నడక, స్వభావం ఎలా ఉండాలో నిర్దేశించి, న్యాయనిర్ణేతలూ పెంపకందారులూ కట్టుబడవలసిన రాత. 1907లో హైడెల్‌బర్గ్‌లో ప్రత్యేకంగా రాట్‌వీలర్ల కోసమే ఒక సంఘం పుట్టింది, 1910లో ఈ జాతికి పోలీసు కుక్కగా గుర్తింపు లభించింది. వేరువేరు సంఘాలు ఎవరి వంశావళి పుస్తకం వారు నడుపుకుంటూ కొంతకాలం పోటీ పడినా, 1921లో అవన్నీ ‘ఆల్‌గెమైనర్ డాయిచర్ రాట్‌వైలర్ క్లబ్’ పేరిట ఒక్కటయ్యాయి. ఈ జాతి మాతృసంస్థ నేటికీ అదే.

ఆ సంస్థ తీసుకున్న నిర్ణయాలన్నిటిలో విలువైనది, పని చేయలేని కుక్కకు సంతానోత్పత్తి హక్కు లేదనడం. జర్మనీలో ఒక రాట్‌వీలర్‌ను జత కట్టించాలంటే ముందుగా దానికి అర్హత పరీక్ష జరగాలి. తుంటి ఎముకల ఎక్స్‌రే చూసి, దేహాన్ని కొలిచి, జనం గుంపు మధ్య నుంచి నడిపించి, తుపాకీ చప్పుడుకు ఎలా స్పందిస్తుందో గమనించి, బెదిరించే మనిషి ఎదురైనప్పుడు పారిపోతుందా, అదుపు తప్పుతుందా, యజమాని మాటకు ఆగుతుందా అని పరీక్షిస్తారు. ప్రదర్శనల్లో పతకాలు గెలిచిన అందమైన కుక్క అయినా ఇక్కడ పిరికిదనమో అకారణ క్రౌర్యమో చూపితే దాని పిల్లలకు వంశావళి పత్రం దొరకదు. నేడు అమలులో ఉన్న అంతర్జాతీయ ప్రమాణ పత్రం కూడా మగకుక్క ఎత్తును 61 నుంచి 68 సెంటీమీటర్లుగానూ, బరువును సుమారు 50 కిలోలుగానూ నిర్ణయిస్తూనే, స్వభావం దగ్గర స్నేహశీలం, శాంతం, పిల్లల పట్ల మమకారం, విధేయత, పని మీద ఉత్సాహం ఉండాలని చెబుతుంది. భయంకరంగా ఉండాలని ఎక్కడా చెప్పదు. పూర్వం కత్తిరించే తోకను కూడా 1998లో జర్మనీ చట్టం కాపాడింది, ఆ తర్వాత అక్కడి రాట్‌వీలర్లు నిండు తోకతోనే కనిపిస్తున్నాయి.

పోలీసు చేతిలో ఈ కుక్కకు దక్కింది కొత్త పనే అయినా దాని అమరిక పాతదే. కసాయితో రోజంతా నడిచిన కుక్క ఇప్పుడు పోలీసుతో రోజంతా నడిచింది. ఎద్దును ఎప్పుడు తోయాలో ఎప్పుడు వదలాలో చెప్పిన గొంతు స్థానంలో దొంగను ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో చెప్పే గొంతు వచ్చింది. రెండు పనుల్లోనూ కుక్క ఒంటరిగా నిర్ణయం తీసుకున్న సందర్భాలు తక్కువ. రాట్‌వీలర్ కాపలా గుణం మనిషితో కలిసి పనిచేయడంలో నుంచి పుట్టిన గుణం, మనిషి లేనిచోట దాన్ని ఒంటరిగా వదిలి కాపలా ఆశించడం దాన్ని తీర్చిదిద్దిన పని కాదు. ఈ ఒక్క విషయాన్ని తర్వాతి కాలపు కొనుగోలుదారులు పట్టించుకోలేదు.

ఖండాంతరాలకు ఈ జాతి మెల్లగానే పాకింది. అమెరికన్ కెనెల్ క్లబ్బు 1931లో దీన్ని గుర్తించింది, 1936లో థెల్మా గ్రే అనే పెంపకందారు ఇంగ్లండుకు తొలి రాట్‌వీలర్లను తెప్పించింది. రెండో ప్రపంచ యుద్ధం ఆ ప్రయత్నాన్ని చెదరగొట్టగా, యుద్ధానంతరం మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ తర్వాత రెండు ప్రతిమలు ప్రజల మనసులో పక్కపక్కనే నాటుకున్నాయి. 1976 నాటి ‘ది ఓమెన్’ చలనచిత్రం రాట్‌వీలర్‌ను దయ్యపు పిల్లవాడికి కాపలాగా చూపి భయపెట్టింది, 1985లో అలెగ్జాండ్రా డే వెలువరించిన ‘గుడ్ డాగ్, కార్ల్’ అనే పిల్లల బొమ్మల పుస్తకం అదే కుక్కను పసిపాపను కనిపెట్టుకుని ఉండే దాదిగా చూపి మురిపించింది. భయపడాలనుకున్నవారూ మురిసిపోవాలనుకున్నవారూ కూడా దాన్ని కొన్నారు. 1990ల తొలి సగంలో అమెరికాలో ఈ జాతి నమోదులు ఏడాదికి లక్ష దాటి, జాతులన్నిటిలో రెండో స్థానానికి చేరాయి. గిరాకీ అంతగా పెరిగినప్పుడు, ఎక్కడ ఏ ఆడకుక్క దొరికితే దాన్ని ఏ మగకుక్కతోనో జత కట్టించి, ఈత తర్వాత ఈత అమ్ముకునేవారు పుట్టుకొచ్చారు. జర్మన్ సంఘం దశాబ్దాల పాటు కాపాడిన జల్లెడ అక్కడ లేదు.

దాని ఫలితం గణాంకాల్లో కనిపించింది. 1979 నుంచి 1998 వరకు అమెరికాలో కుక్క కాటు వల్ల సంభవించిన మరణాలను పరిశీలించి 2000లో అక్కడి పశువైద్య సంఘం పత్రికలో ప్రచురించిన అధ్యయనం, జాతి తెలిసిన 238 ఘటనల్లో 25 జాతుల కుక్కలు ఉన్నాయనీ, సగానికి పైగా ఘటనలు పిట్‌బుల్ తరహా కుక్కలవీ రాట్‌వీలర్లవీ అనీ తేల్చింది. ఆ సంఖ్యను చూసి జాతినే నిషేధించాలని అనేవారితో ఆ రచయితలే ఏకీభవించలేదు. ఏ కాలంలో ఏ పెద్ద కుక్క ఎక్కువగా అమ్ముడైతే ఆ కాలపు లెక్కల్లో అదే పైకి వస్తుందని వారు హెచ్చరించారు. 2013లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. 2000 నుంచి 2009 వరకు జరిగిన 256 మరణాలను పోలీసు దర్యాప్తు వివరాలతో సహా చూసి, 87.1 శాతం ఘటనల్లో ఆపగలిగిన పెద్ద మనిషి దగ్గర లేడనీ, 76.2 శాతం ఘటనల్లో కుక్కను ఇంటివారి సావాసానికి దూరంగా, గొలుసుతోనో కంచె వెనకనో ఉంచారనీ వెల్లడించింది. ఆ పరిశోధకులు ‘ఇంటి కుక్క’నూ ‘ఆవరణలో ఉండే కుక్క’నూ రెండు వేరు సంగతులుగా లెక్కించారు. మనుషుల మధ్య తిరుగుతూ వారి ముఖకవళికలనూ గొంతునూ నేర్చుకున్నది మొదటిది, అదే ప్రహరీలో బతుకుతూ వారిని అన్నం పెట్టేవేళ మాత్రమే చూసేది రెండోది. రాట్‌వైల్ కసాయి కుక్క చరిత్ర చదివినవారికి ఈ తేడా కొత్తగా అనిపించదు.

చట్టాలు మాత్రం దేశానికొక దారి పట్టాయి. 1991లో బ్రిటన్ చేసిన ప్రమాదకర కుక్కల చట్టం నాలుగు రకాలను నిషేధించినా రాట్‌వీలర్‌ను ఆ జాబితాలో చేర్చలేదు. దీనికి భిన్నంగా, సొంత దేశమైన జర్మనీలోనే బవేరియా రాష్ట్రం 2002లో దీన్ని ప్రమాదకరమని అనుమానించదగిన జాతుల్లో చేర్చి, నిపుణుడి పరీక్షలో నెగ్గిన కుక్కకు విడిగా మినహాయింపు పత్రం ఇచ్చే పద్ధతి పెట్టింది. భారతదేశంలో 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల అమ్మకానికీ పెంపకానికీ అనుమతులు ఇవ్వవద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది, ఆ జాబితాలో రాట్‌వీలర్ ఉంది. సంబంధితుల వాదన వినలేదనే కారణంతో ఆ లేఖను ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు కొట్టివేశాయి. తర్వాతి నెలలోనే చెన్నైలోని ఒక పార్కులో రెండు రాట్‌వీలర్లు అయిదేళ్ల పాపను తీవ్రంగా గాయపరచడంతో దేశమంతటా మళ్లీ వాదోపవాదాలు చెలరేగాయి. నిషేధం కోరినవారి భయం న్యాయమైనదే, ఎందుకంటే కరిచేది పిల్లల్ని. అయినా ఒక జాతిని తీసేస్తే అంతే బరువున్న మరో జాతి అదే గొలుసుకు వచ్చి చేరుతుంది గనుక, ప్రశ్న గొలుసు దగ్గరే మిగిలిపోతుంది.

తెలుగు నగరాల్లో రాట్‌వీలర్‌ను కొనేవారిలో చాలామంది కోరేది కాపలాయే. విల్లా కట్టుకున్నాకనో, ఊరి చివర స్థలం కొన్నాకనో, ఫామ్‌హౌస్‌లో మోటారు పంపు దొంగతనం జరిగాకనో ఈ ఆలోచన వస్తుంది. చలి దేశంలో రోడ్డు వెంట నడవడానికి తయారైన ఈ కుక్కకు పైవెంట్రుక కింద మరో పొర మెత్తటి వెంట్రుక ఉంటుంది, రంగు నలుపు. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల షెడ్డు కింద కట్టేసిన రాట్‌వీలర్ రొప్పుతూ, నాలుక వేలాడేసి, వాంతి చేసుకుని వడదెబ్బతో పడిపోవడానికి ఎంతో సమయం పట్టదు. బ్రిటన్‌లో పశువైద్యశాలల రికార్డుల ఆధారంగా జరిగిన అధ్యయనం ఈ జాతి సగటు ఆయుష్షును 9 ఏళ్లుగా చూపింది. తుంటి ఎముకల వ్యాధి, ఎముకల కేన్సరు దీన్ని తరచుగా బాధిస్తాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది: అక్కడ చాలా అపార్ట్‌మెంట్లు అద్దె ఒప్పందంలోనే ఈ జాతిని నిషేధిస్తాయి, కొన్ని ఇళ్ల బీమా సంస్థలు దీన్ని పెంచేవారికి బీమా నిరాకరిస్తాయి. పొద్దున్నా సాయంత్రమూ ఒక గంట చొప్పున నడిపించి, ఇంట్లోకి రానిచ్చి, చుట్టాలు వచ్చినప్పుడు ఎలా మెలగాలో చిన్ననాటి నుంచీ నేర్పే తీరిక ఉన్న ఇంట్లో ఈ కుక్క గంభీరంగా, నెమ్మదిగా, నమ్మకంగా ఉంటుంది. ఆ తీరిక లేని ఇంటికి కాపలా కావాలంటే కెమెరాలు, దీపాలు, కాపలాదారు మేలు.

ఇవన్నీ తెలిసి కూడా పెంచదలచుకున్నవారు రెండు విషయాల దగ్గర రాజీ పడకూడదు. 2017లో కేంద్రం చేసిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకుని ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ నమోదు పత్రాన్ని అడిగి చూడాలి. అంతకంటే ముఖ్యంగా, కుక్కపిల్లను చేతిలోకి తీసుకోకముందే దాని తల్లిని చూడాలి. కొత్త మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ తల్లి మూలకు నక్కి గుర్రుమంటున్నదో, గొలుసు తెంచుకునేలా ఎగబడుతున్నదో, లేక ఒకసారి పరికించి యజమాని మాటకు పక్కకు జరిగి కూర్చుంటున్నదో కాసేపు ఓపికగా గమనించాలి. పత్రం చూపలేనివారి దగ్గరా, తల్లిని చూపడానికి సాకులు చెప్పేవారి దగ్గరా, ధర ఎంత తగ్గించినా సరే, పిల్లను కొనవద్దు.